ఆరు గంటల గొంతు

"వినపడలేదు. మళ్ళీ చెప్పు," అంది గోడమీది టీవీ, టీచరు గొంతుతో.

తొర్రి మళ్ళీ చదివింది. ఆ పిల్లకు ఇంట్లో పెట్టిన పేరొకటి ఉంది గాని, ముందుపళ్ళు రెండూ ఒక్క వారంలో ఊడిపోయిన దగ్గరనుంచి రెండో తరగతి మొత్తానికి అది తొర్రే. మైకును రెండు చేతులతో పట్టుకుని, మడమలు ఎత్తి, తెరమీద కనిపిస్తున్న వాక్యాన్ని గట్టిగా చదివింది. "తాత సంచిలో సీసా తెచ్చాడు." సంచి దగ్గరా, సీసా దగ్గరా పళ్ళసందులోంచి గాలి తుస్సుమంది. అంతకుమించి ఆ చదువులో వంకపెట్టడానికి ఏమీ లేదు. కింద టైర్ల దుకాణంలో గాలి కొట్టే మిషను మోగుతున్నా చివరి బెంచీ దాకా వినపడింది.

టీవీకి మాత్రం వినపడలేదు. "మళ్ళీ చెప్పు," అంది.

వెనకనుంచి ఎవడో ఈల వేశాడు. పిల్లలందరూ గొల్లుమన్నారు. తొర్రి మూడోసారి చదవబోయి, నోటికి అరచెయ్యి అడ్డం పెట్టుకుని చదివింది. అది మరీ అధ్వాన్నం. తెరమీద ఆ పిల్ల బొమ్మ పక్కన ఎర్రగుర్తు పడింది, తర్వాతి పిల్లవాడి బొమ్మ వచ్చింది.

టీచరు పక్కనే నిలబడి ఉంది, మెడకు తడిగుడ్డ చుట్టుకుని, చేతిలో రిమోటుతో. ఇదివరకైతే "బాగా చదివావు, కూర్చో తల్లీ" అనే ఒక్క మాటతో తేలిపోయేది. ఆ మాటకు రిమోటులో మీట లేదు. ముందుకు వెళ్ళడానికి ఒకటి, ఆపడానికి ఒకటి, మోత పెంచడానికి ఒకటి ఉన్నాయి. ఆమె ముందుకు వెళ్ళే మీట నొక్కింది.

ఆ గది రెండు సెక్షన్లు పట్టే గది కాదు. ముగ్గురి బెంచీల్లో అయిదుగురు ఇరుక్కున్నారు, కిటికీ గట్టుమీద ఇద్దరు, గుమ్మం పక్కన నేలమీద మరికొందరు. పైకప్పు రేకులు కాగి, మధ్యాహ్నం కాకముందే పిల్లల జుట్టు నుదుళ్ళకు అతుక్కుపోయింది. రెండో సెక్షను టీచరును సెలవుల తర్వాత మళ్ళీ రమ్మనలేదు. టీవీ ఒక్కటే కదా, యాభైమంది చూసినా అంతే, వందమంది చూసినా అంతే, అన్నారు పెద్దసారు. లెక్క నిజమే. గాలి పీల్చుకునే లెక్క, ఒంటేలుకు లేచి వెళ్ళే లెక్క అందులో లేవు.

టీచరు గొంతు సంగతి కూడా చెప్పుకోవాలి. పదేళ్ళపాటు ఆమె ఆ గాలిమిషనుతో పోటీపడి పాఠం చెప్పింది. అది బుస్సుమంటే ఈమె గొంతు పెంచేది, అది ఊపిరి తీసుకునేలోపు ఈమె కూడా తీసుకునేది. పోటీలో గెలుస్తూ గెలుస్తూ గొంతు బొంగురుపోయింది. ఆ తర్వాత మాట మధ్యలో తెగిపోవడం మొదలైంది. డాక్టరు నోట్లో చిన్న అద్దం పెట్టి చూసి, లోపల కాయలు కట్టాయి, మాట్లాడటం తగ్గించాలమ్మా, అన్నాడు. మాట్లాడకపోతే నాకు జీతమెవరిస్తారండీ, అని అడిగిందామె. ఆ జబ్బుకు మందు ఆయన దగ్గర లేదు.

సరిగ్గా అప్పుడే పెద్దసారు టీవీలు తెచ్చారు. బడి ఆయనదే, కింది టైర్ల దుకాణం ఆయన తమ్ముడిది. "మీ గొంతుకి విశ్రాంతి, పిల్లలకి స్పష్టత," అన్నారు. వెతకబోయిన తీగ కాలికి తగిలినట్టయింది టీచరుకు. సెలవుల్లో సామాన్లగది గోడలకు పాత పరుపులు ఆనించి, ఫ్యాను ఆపించి, తెల్లవారుజామున గొంతు కాస్త పలికే వేళ చూసి, ఆమె చేత పుస్తకమంతా చదివించారు. పాఠాలయ్యాక పొగడ్తలు చదివించారు. తర్వాత మందలింపులు. వినపడలేదు, మళ్ళీ చెప్పు, చదవలేదు, శ్రద్ధ పెట్టాలి. ఆ తర్వాత "మీ అమ్మాయి", "మీ అబ్బాయి" అని విడివిడిగా రెండు ముక్కలు, నమస్కారం నుంచి ప్రత్యేక తరగతి ఫీజు దాకా ఒక ప్రకటన. అవి దేనికని ఆమె అడగలేదు. రికార్డింగు చేసే నలభై దాటిన ఒకాయన చెవులకు పరికరం తగిలించుకుని కూర్చుని, "కాస్త గట్టిగా మేడం, నిజంగా కోపమొచ్చినట్టు," అన్నాడు. చేసే పని చక్కగా చెయ్యాలనే మనిషి కదా, నిజంగా కోపమొచ్చినట్టే చదివింది.

తరగతిలో ఆమె కోప్పడితే, ఆ వెంటనే చెయ్యి వెళ్ళి ఆ పిల్ల తల నిమిరేది. అలా చేస్తానని ఆమెకే తెలియదు. సామాన్లగదిలో తిట్టు మైకులోకి వెళ్ళింది, చెయ్యి బయటే ఉండిపోయింది.

సెలవులయ్యాక జీతం పన్నెండు వేల నుంచి ఏడు వేలకు దిగింది. పాఠం టీవీ చెబుతోంది కదమ్మా, మీరు చూసుకోవడమేగా, అన్నారు పెద్దసారు. చెబుతున్నది నా గొంతేగా సార్ అనాలనుకుంది. అనడానికి ఆ రోజు గొంతు లేదు.

మధ్యాహ్నం గంట కొట్టాక పిల్లలు కుళాయి దగ్గరికి పరిగెత్తారు. తొర్రి అందరూ అయ్యేదాకా ఆగి, ఎడమచేత్తో నీళ్ళు పట్టుకుని తాగుతోంది. కుడి మణికట్టుకు చేతిరుమాలు కట్టి ఉంది. పొద్దున మైకు పట్టుకున్నప్పుడు చొక్కా చెయ్యి కిందికి లాగి ఉండటంతో టీచరు చూడలేదు.

"ఏమైందే చేతికి?" అంది టీచరు దగ్గరికి వెళ్ళి.

తొర్రి చెయ్యి వెనక్కి పెట్టుకుంది. ఒకప్పుడు ఈ పిల్ల టీచరు వేలు పట్టుకుని వదిలేది కాదు, ఒంటేలుకు వెళ్ళినా తలుపు బయట టీచరు ఉండాలనేది. ఇప్పుడు గోడకు అంటుకుపోతోంది.

"పడ్డావా?"

తల అడ్డంగా ఊపింది.

టీచరు మోకాళ్ళమీద కూర్చుని మెల్లగా రుమాలు విప్పింది. మణికట్టు మీద చర్మం ఎర్రగా లేచి, ఒక పక్క కోసుగా, ఒక పక్క గుండ్రంగా, ఇస్త్రీపెట్టె మూతి ఎలా ఉంటుందో అలా కాలి ఉంది.

"రేపు బాగా చదువుతాను టీచర్," అంది తొర్రి. "ఇవాళ చెప్పొద్దు."

"ఏం చెప్పొద్దు?"

"నేను చదవలేదని. అమ్మకి చెప్పొద్దు."

"నేనెప్పుడు చెప్పానమ్మా?"

తొర్రి ఆమె ముఖంలోకి చూసింది. పెద్దవాళ్ళు అబద్ధమాడుతున్నారని తెలిసినప్పుడు పిల్లలు చూసే చూపది. "రోజూ చెబుతావుగా," అంది. "నిన్న కూడా చెప్పావు. ఫోన్లో."

టీచరుకు ఒక్క ముక్క అర్థం కాలేదు. కాలిన చోట పూయడానికి ఆఫీసులో ఏమైనా ఉందేమోనని వెళ్ళి అడిగింది. అక్కడ పెట్టె ఉంది, అందులో దూది మాత్రమే ఉంది.

సాయంత్రం బడి వదిలాక ఆమె ఇంటికి వెళ్ళే దారి మార్చి ఇస్త్రీ దుకాణానికి వెళ్ళింది. దారిలో పాల దుకాణం ఆవిడ ఈమెను చూసి తల తిప్పుకుంది. ఈ తల తిప్పుకోవడాలు కొన్నాళ్ళుగా ఎక్కువయ్యాయి. జీతం తగ్గినవాళ్ళంటే జనానికి చులకనేమో అనుకుంటూ వచ్చిందామె ఇన్నాళ్ళూ.

దుకాణమంటే మంచం పట్టేంత జాగా. దుప్పట్లు పరిచిన బల్ల, బల్ల కింద ఊరివాళ్ళ బట్టల మూటలు, ఆ మూటల మీదే తొర్రి పడక, చదువు. తల్లి బొగ్గుల ఇస్త్రీపెట్టెను రెండు చేతులతో తోస్తోంది. కరెంటుది ఒకటి ఉంది గాని దానికి బిల్లు కట్టలేక పైన అటకమీద పెట్టింది. టీచరును చూసి కూర్చోమనలేదు. చొక్కా తిరగేసింది.

"పిల్ల చెయ్యి చూశాను," అంది టీచరు.

"చూసి ఉంటారు. మీరేగా కాల్పించింది."

"నేనా?"

"రోజూ మీరు ఫోను చేస్తారు, ఇది చదవలేదు, ఇది చదవలేదు అని. నాకు అక్షరం ముక్క రాదు టీచరమ్మా. అది పుస్తకం పట్టుకుని గడగడా చదువుతుంటే చదువుతోందనే అనుకుంటాను. మీరేమో చదవలేదంటారు. మరి ఇంట్లో నా ముందు నాటకమాడుతోందనేగా అర్థం?" ఇస్త్రీ ఆవిడ పెట్టెను పీటమీద దించింది. "నిన్న మీ ఫోను అవగానే చెయ్యి పట్టి గుంజాను. కొడదామనే గుంజాను, కాల్చాలని కాదు. పెట్టె పక్కనే ఉంది. దీని ఏడుపు విని నా ఊపిరి ఆగిపోయింది. ఆ తర్వాత అది నన్ను ఓదార్చింది, నొప్పి లేదులే అమ్మా అని. అది చూడలేకపోయాను."

టీచరు నోరు తెరిచింది. పొద్దంతా రిమోటు నొక్కినా, పిల్లల్ని సర్దడానికి వాడిన గొంతు సాయంత్రానికి అరిగిపోయి ఉంది. "నేను ఫోను చెయ్యలేదమ్మా," అన్న మాటలో సగం గాలే వచ్చింది. "మీ నంబరే నా దగ్గర లేదు."

"అబద్ధమెందుకు ఆడతారు? కూర్చోండి. ఆరు కావస్తోంది, ఇప్పుడే చేస్తారుగా."

చెప్పి నోరు మూసిందో లేదో ఫోను మోగింది. మూటల మీద కూర్చున్న తొర్రి పుస్తకం మూసేసి, కాళ్ళు దగ్గరికి లాక్కుంది. తల్లి ఫోను బల్లమీద పెట్టి మీట నొక్కింది.

"నమస్కారం," అంది ఫోను. "నేను టీచరును మాట్లాడుతున్నాను. మీ అమ్మాయి. ఈరోజు పాఠం చదవలేదు. ఇంట్లో శ్రద్ధ పెట్టాలి. వెనకబడిన పిల్లలకు సాయంత్రం ప్రత్యేక తరగతి ఉంది. నెలకు ఆరు వందలు. చేర్పించాలనుకుంటే ఒకటి నొక్కండి."

అది టీచరు గొంతే. బొంగురంతా మిషను తుడిచేసిన గొంతు, నిండుగా, గంటలా ఖంగుమనే గొంతు. ఇస్త్రీ ఆవిడ ఫోను వైపు చూడలేదు, టీచరు పెదవుల వైపు చూసింది. అవి కదలలేదు. గొంతు మాట్లాడుతూనే ఉంది, పెదవులు కదలడం లేదు. పిల్ల కూడా చూసింది.

"అది టీవీ," అంది టీచరు చివరికి. "నా గొంతు పట్టి దాచుకున్నారు. దాంతో మాట్లాడిస్తున్నారు. నాకు తెలియదు, నా పిల్లల మీద ఒట్టు."

"మీకు పిల్లల్లేరుగా."

"బళ్ళో పిల్లల మీద."

ఇస్త్రీ ఆవిడ ఫోను నొక్కి ఆపింది. తర్వాత అడిగిన మాట మెల్లగా అడిగింది, జవాబంటే భయమున్నట్టు. "అయితే నిజం చెప్పండి. మా పిల్ల చదువుతుందా, చదవదా?"

"చదువుతుంది. తరగతిలో అందరికంటే ముందు చదువుతుంది. పళ్ళు లేవు కదా, గాలి పోతుంది. టీవీకి పళ్ళున్నవాళ్ళ మాటే తెలుసు. అంతే."

"పళ్ళు లేకనా," అంది తల్లి. బల్ల అంచు పట్టుకుని కిందికి జారి, మూటల పక్కన కూర్చుంది. "పళ్ళు లేవని కొట్టానా నేను దీన్ని."

తొర్రి తల్లి మెడ చుట్టూ చెయ్యి వేసింది. కాలిన చెయ్యే వేసింది. టీచరు అక్కడ ఉండలేక లేచి వచ్చేసింది.

ఇంట్లో అత్తగారు గుమ్మంలో కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. ఆవిడకు చెవుడు, కోడలికి గొంతు లేదు. ఒకరిమీద ఒకరు కేకలు వేసుకునే అవకాశం లేక ఆ ఇల్లు ప్రశాంతంగా ఉంటుందని ఆవిడే అంటూ ఉంటుంది. కోడలు చెవి దగ్గర కూర్చుని జరిగిందంతా చెప్పింది. కొంత నోటితో, కొంత చేతులతో.

"నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు," అంది అత్తగారు విన్నాక. "నీ నోరు మంచిదే. తీసుకుపోయి ఊరిమీదికి వదిలారు."

"రేపు పెద్దసారుని అడుగుతాను అత్తయ్యా."

"అడుగు. అడిగి ఉద్యోగం పోగొట్టుకు రాకు. నీ మొగుడు పోయాక ఈ ఇంట్లో పొయ్యి వెలిగేది ఆ ఏడు వేలతోనే. ఏనుగుతో ఢీకొట్టడానికి మనకేం ఉంది, ఈ చేటా?" చేటను రెండుసార్లు చెరిగి, ఆగింది. "ఆ పిల్ల చెయ్యి బొబ్బలెక్కిందా?"

"ఎక్కింది."

"చల్లనీళ్ళలో పెట్టమన్నావా? మందు పూశారా? రెండూ లేవా? మరేం చేసి వచ్చావే అక్కడ," అని విసుక్కుంది అత్తగారు.

మర్నాడు పెద్దసారు గదిలో ఆమె నిలబడే మాట్లాడింది. ఆయన కూర్చోమన్నారు, మంచినీళ్ళు తెప్పించారు. గొంతెత్తి మాట్లాడే మనిషి కాదాయన. ఆ మాటకొస్తే ఆ బళ్ళో గొంతు పాడుచేసుకోనిది ఆయన ఒక్కరే.

"టీవీ తప్పు చెప్పదమ్మా," అన్నారు. "మనుషులైతే మొహమాటపడతారు. ఇస్త్రీ వాళ్ళ పిల్ల పాపం అని మీరు ఒక మార్కు వేస్తారు. దానికి పాపం, పుణ్యం ఏం తెలుసు?"

"పళ్ళూడిన పిల్లలకి ఎర్రగుర్తే పడుతోంది సార్. రెండో తరగతిలో సగంమందికి పళ్ళుండవు. ఆ వయసే అంత."

"వచ్చే ఏడాదికి వస్తాయిగా పళ్ళు."

"అప్పటికి వాళ్ళు నోరు తెరవడం మానేస్తారు సార్."

ఆయన నవ్వారు. కోపంతో కాదు, చిన్నపిల్లల మాటకు నవ్వినట్టు. "ప్రత్యేక తరగతిలో ఇప్పుడు అరవైమంది చేరారు. ఆ డబ్బుతోనే టీవీల వాయిదాలు కడుతున్నాం. గొంతు వాడుకోవడానికి మీరు సంతకం కూడా పెట్టారు. అయినా మీతో పేచీ ఎందుకు? నేనే పిలిపిద్దామనుకున్నాను." నీళ్ళగ్లాసు ఆమె వైపు జరిపారు. "మూడు, నాలుగు తరగతులు కూడా మీ గొంతుతోనే చేద్దాం. ఫోను మాటలు కొత్తవి కొన్ని ఉన్నాయి. పాత జీతం పన్నెండు వేలూ మళ్ళీ ఇస్తాను. మీ గొంతు పోతోందని డాక్టరు చెప్పాడటగా. పూర్తిగా పోకముందే పట్టేద్దాం."

ఎండిన కొమ్మకు మిగిలిన కాయలు కోసుకుందాం అన్నంత మామూలుగా అన్నారు ఆ మాట.

"వద్దంటే సార్?"

"వద్దంటే బలవంతం లేదు. రిమోటు ఆయా కూడా నొక్కగలదు కదమ్మా. సాయంత్రం నాలుగింటికి రికార్డింగు ఆయన వస్తాడు. ఆలోచించుకోండి."

ఆలోచించుకోవడానికి ఆమెకు దొరికింది తరగతి గదే. ఆ పూట తొర్రి బొమ్మ తెరమీదికి రాగానే పిల్లలు ముందే నవ్వు మొదలుపెట్టారు. తొర్రి లేచింది, మైకు పట్టుకుంది. పెదవులు రెండూ లోపలికి మడిచి, పళ్ళసందు కనపడకుండా బిగించుకుంది.

"వినపడలేదు. మళ్ళీ చెప్పు," అంది టీవీ.

తొర్రి నోరు తెరవలేదు.

"చదువమ్మా, నేను వింటున్నాను," అంది టీచరు గుసగుసగా. తొర్రి ఆమె వైపు చూసింది, నమ్మాలని ఉన్నట్టే చూసింది, కాని పెదవులు విప్పలేదు. టీవీ మూడోసారి అడిగి ఎర్రగుర్తు పెట్టింది. తొర్రి తర్వాత, కిటికీ గట్టుమీద కూర్చునే ఉప్పుబస్తా లేచాడు. ఉప్పుబస్తా ఆటలో వీపుమీద ఎవరినైనా మోస్తాడని వాడికా పేరు. వాడికి కిందటి వారమే ఒక పన్ను ఊడింది. వాడు మైకు అందుకోకుండానే అచ్చం తొర్రిలాగా నోరు బిగించుకుని నిలబడ్డాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు. నిన్నటిదాకా గొంతు చించుకుని పాఠం అప్పజెప్పిన పిల్లలు, ఒకరి తర్వాత ఒకరు నోరు మూసుకోవడం నేర్చుకుంటున్నారు. బళ్ళో కొత్తగా వాళ్ళకు బాగా వచ్చిన పాఠం అదొక్కటే. టీచరు వాళ్ళ తలలు లెక్కపెట్టలేదు. ఎవరెవరికి పళ్ళు లేవో ఆమెకు కళ్ళు మూసుకున్నా తెలుసు.

నాలుగింటికి సామాన్లగదిలో ఫ్యాను ఆపారు. పరుపుల్లోంచి పాత చెమటవాసన వస్తోంది. రికార్డింగు ఆయన కాగితాలు అందించి, చెవులకు పరికరం తగిలించుకున్నాడు. చెడ్డమనిషి కాదు. గొంతుకు మంచిదని ఫ్లాస్కులో వేడినీళ్ళు తెచ్చాడు.

"మొదట ఫోను మాటలు చేసేద్దాం మేడం, చిన్నవి. అయిపోతే పాఠాలు రేపు."

ఆమె కాగితం చూసింది. మొదటి వాక్యం ఇలా ఉంది. మీ అమ్మాయి చదవలేదు, ప్రత్యేక తరగతిలో చేర్పించకపోతే పై తరగతికి పంపడం కుదరదు. పన్నెండు వేలు గుర్తొచ్చాయి, అత్తగారి చేట గుర్తొచ్చింది. ఒప్పుకుంటే ఏమవుతుంది, ఇప్పటికే పోయిన గొంతు, ఇంకొంచెం పోతుంది అనుకుంది. తప్పు తెలియక చేసినప్పుడు ఏడుపొచ్చింది, తెలిసి చేస్తే అది కూడా రాదేమో అని కూడా అనుకుంది.

"చెప్పండి మేడం. కాస్త కోపంగా."

ఆమె మైకు దగ్గరికి వంగింది. "మీ అమ్మాయి చదివింది," అంది. "నేను విన్నాను."

రికార్డింగు ఆయన తలెత్తాడు. "అది కాగితంలో లేదు మేడం."

"మీ అబ్బాయి చదివాడు. నేను విన్నాను."

"మేడం, ఉన్నది చదవండి. పైన సారు వింటారు. నా పని కూడా పోతుంది."

"మీరు మీ పని చేశారు. నేనే చదవనన్నానని చెప్పండి," అంది టీచరు. మిగతా మాట గొంతులో తెగిపోయింది. కాగితాలు మడవకుండా మైకు కింద పెట్టి, ఫ్లాస్కు మూత బిగించి ఆయన చేతికిచ్చి, బయటికి వచ్చింది. మెట్ల దగ్గర పెద్దసారు గది తలుపు తీసే ఉంది. ఆమె ఆగలేదు. రిమోటు ఇంకా చేతిసంచిలోనే ఉందని కిందికి దిగాక చూసుకుంది. టైర్ల దుకాణం బల్లమీద పెట్టేసి వీధిలోకి నడిచింది.

రేపటి సంగతి రేపు. ఇప్పుడు ఆరు కావస్తోంది. ఆమె గబగబా నడిచింది. ఇస్త్రీ దుకాణం దాటుతూ లోపలికి చూసింది. బల్లమీద ఫోను లేదు. తల్లి ఒళ్ళో చెయ్యి పెట్టి తొర్రి ఏదో పుస్తకం చదువుతోంది, పైకి కాదు, లోపల్లోపల. తల్లి పైకి చదవమని బతిమాలుతోంది. తొర్రి తల అడ్డంగా ఊపుతోంది.

అప్పుడే ఫోన్లు మొదలయ్యాయి. ముందు పాల దుకాణంలో, తర్వాత మేడమీద, తర్వాత ఎదురింట్లో. కిటికీల్లోంచి ఆమె గొంతే వీధిలోకి వచ్చి పడుతోంది, ఒక్కో ఇంట్లో ఒక్కో మాట దగ్గర. నమస్కారం. మీ అబ్బాయి. శ్రద్ధ పెట్టాలి. ఆరు వందలు. వీధి మధ్యలో నిలబడ్డ ఆమెకు ఏ ఇంటికి ముందు వెళ్ళాలో తెలియలేదు. ఒక్క మనిషి, ఒక్క అరిగిన గొంతు, ఇన్ని తలుపులు.

మెట్ల కింద గది ఉప్పుబస్తా వాళ్ళది. తలుపు తట్టింది. ఒక ముసలామె ఫోను చెవికి ఆనించుకునే తలుపు తీసింది. టీచరును ఆమె ఎప్పుడూ చూడలేదు. లోపల పిల్లవాడు గోడమూల నక్కి, పెదవులు బిగించుకుని కూర్చున్నాడు. వాడి తండ్రి అప్పుడే పనినుంచి వచ్చినట్టుంది, నడుముకున్న బెల్టు విప్పుతున్నాడు.

"నేను..." అంది టీచరు. గాలి తప్ప ఏమీ రాలేదు.

"ఒక్క నిమిషం ఆగమ్మా," అంది ముసలామె చెయ్యి అడ్డం పెట్టి. "టీచరు మాట్లాడుతోంది."

టీచరు ఆగలేదు. ఆ చెయ్యి మెల్లగా పక్కకు తప్పించి, గడప దాటి లోపలికి వెళ్ళింది.